సీలు వేసిన చెయ్యి

బందరు పెద్దాసుపత్రి. మగవాళ్ళ వార్డు వరండా. 1979 ఆగస్టు. ఉదయం పదిన్నర.

శవం ఊపిరి పీలుస్తోంది.

శవమని డాక్టరు చెప్పలేదు. ఇన్సూరెన్సు కంపెనీ చెప్పింది. డిటెక్టివ్ పిచ్చేశ్వరరావు చంకలో ఉన్న ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో అడ్డంగా 'క్లోజ్' అని రాసి ఉంది. కింద ఒక్క సంతకం తక్కువ. ఆ సంతకం పిచ్చేశ్వరరావుది.

కంపెనీ మూసేసిన మనిషి కళ్ళు మాత్రం ఇంకా తెరిచే ఉన్నాయి.

పిచ్చేశ్వరరావుది గుడివాడ. ఒకప్పుడు సి.ఐ.డి.లో హెడ్ కానిస్టేబులు. ఇప్పుడు ప్రైవేట్ డిటెక్టివ్. బోర్డు మీద పేరు చూసి "పిచ్చా, ఈశ్వరుడా?" అని అడిగినవాళ్ళకి "ఫీజుని బట్టి" అని జవాబిస్తాడు. ఈసారి ఫీజిచ్చేది 'సేఫ్ సెయిల్ ఎష్యూరెన్స్' అనే పైదేశపు కంపెనీ. గల్ఫ్‌కి వెళ్ళే కూలీలకి వైద్యబీమా అమ్ముతుంది. సేఫు వాళ్ళ దగ్గరుంటుంది. సేలయ్యేది మనం.

మంచం మీదున్నది అబ్దుల్ మజీద్. ముప్ఫై రెండేళ్ళు. గిలకలదిండిలో బోటు ఇంజన్ల మెకానిక్కు. డెబ్భై ఏడు తుఫాను బోట్లని మింగేశాక ఇంజన్లకి పని లేదు, మెకానిక్కుకి తిండి లేదు. నిరుడు నవంబరులో బొంబాయిలో ఓడెక్కి కట్టడాల కూలీగా కువైట్ వెళ్ళాడు. ఈ జులైలో స్ట్రెచర్ మీద తిరిగొచ్చాడు. తల ఎడమవైపు సొట్ట. మాట లేదు.

కుడి జబ్బకి ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది. గుడ్డలో నాణెం మూట. మూట ముడి మీద ఎర్రటి లక్క సీలు.

పిచ్చేశ్వరరావు వంగి చూశాడు. పోస్టాఫీసు పార్సిలు మీద చూశాడు సీలు. సారా సీసా మీద చూశాడు. మనిషి ఒంటి మీద చూడటం ఇదే మొదలు.

"ఇదేంటమ్మా? మనిషికి సీలేశారు?"

మంచం పక్కన నేల మీద కూర్చున్న జైనాబ్ లేచి నిలబడింది. మజీద్ భార్య.

"ఏజెంటుగారి ఆఫీసులో వేశారండీ. సాక్ష్యమంట. విప్పితే కేసు పోద్దంట."

"అసలిది ఏంటి?"

"ఇమాం జామిన్ అండీ. దూరం వెళ్ళేవాళ్ళకి కడతాం. దార్లో ఏ ఆపదా రాకుండా ఇమాంగారి పూచీ. క్షేమంగా చేరాక విప్పుకుని, అందులో డబ్బులు ఎవరైనా బీదోళ్ళకి ఇచ్చేయాలి."

"ఇది నువ్వు కట్టిందేనా?"

"కాదండీ."

పిచ్చేశ్వరరావు తలెత్తాడు. "కాదా?"

"నేను కట్టింది మా అమ్మ ఓణీ గుడ్డ. ఇది కొట్లో గుడ్డ. మొదటిరోజే చెప్పానండీ. డబ్బు కోసం అబద్ధమాడుతున్నానన్నారు."

ఫైల్లో ఆమె మాట ఉంది. 'క్లెయిమెంటు భార్య. స్వార్థం కలది. నమ్మరాదు.' ఏజెంటు మాటా ఉంది. దాని పక్కన ఏమీ లేదు. ఏజెంటుకి స్వార్థం ఉండదు కాబోలు.

పిచ్చేశ్వరరావు ఆ గుడ్డ కిందికి చూపుడువేలు దూర్చబోయాడు.

దూరలేదు.

మళ్ళీ ప్రయత్నించాడు. చిటికెనవేలు కూడా దూరలేదు. ఆ చెయ్యి వంక చూశాడు. మంగినపూడి సరుగుడు తోటలో కొట్టి పడేసిన సన్నకర్రలా ఉంది.

"మీ ఆయన చెయ్యి ముందునుంచీ ఇంతేనా?"

జైనాబ్ మొహంలో మొదటిసారి కోపం కనబడింది. "బోటు ఇంజను ఒక్కడే భుజాన వేసుకుని ఒడ్డుకి తెచ్చేవాడండీ. రెడీమేడ్ చొక్కాలు జబ్బ దగ్గర పట్టేవి కావు. చేతులు విప్పి మళ్ళీ కుట్టేదాన్ని."

పిచ్చేశ్వరరావు డాక్టరు గది ఎక్కడని అడిగాడు.

* * *

పదకొండున్నర. డాక్టర్ అన్నపూర్ణ గది.

"పుర్రె ఎముక లోపలికి దిగి మెదడు మీద కూర్చుంది. దాన్ని పైకి లేపాలి. అందుకే మాట పోయింది. అందుకే ఫిట్సు" అన్నదావిడ.

"ఇక్కడ చేస్తారా?"

"ఇక్కడ కుదరదండీ. మద్రాసులో చేస్తారు. కువైట్‌లోనే చెయ్యాల్సింది. వాళ్ళ డాక్టర్లు సిద్ధంగానే ఉన్నారు. బీమా కంపెనీ హామీ ఇస్తే థియేటర్‌కి తీసుకెళ్తామన్నారు. కంపెనీ 'పరిశీలనలో ఉంది' అంది. ఆర్నెల్లు పరిశీలించింది. వీడు ఆర్నెల్లు మంచం మీద ఎండిపోయాడు."

"ఇప్పుడు చేస్తే?"

"మాట రావచ్చు. ఇంకా ఆలస్యమైతే ఏదీ రాదు. ఫిట్సు పెరుగుతున్నాయి. మందులు ఆపలేకపోతున్నాయి." ఆవిడ పెన్ను బల్ల మీద విసిరికొట్టింది. "మీరు ఆ కంపెనీ మనిషే కదా? వాడి తల మీద కూర్చున్నది ఎముక కాదండీ. మీరు."

పిచ్చేశ్వరరావుకి మాటతో ఆడుకోవాలనిపించలేదు. వార్డులో ఎవరో పళ్ళెం పడేసిన చప్పుడైంది. ఆయన ఫైలు తెరిచి పాలసీ షరతు మళ్ళీ చదువుకున్నాడు.

'విదేశపు నేలపై కాలు మోపిన పిదప సంభవించిన ప్రమాదములకు మాత్రమే.'

ఓడ నేల కాదు. మజీద్ ఓడ మెట్ల మీంచి పడ్డాడని ఏజెంటు రాశాడు. క్యాంపుకి మోసుకెళ్ళి నాలుగు రోజులు పడుకోబెట్టి, అప్పుడు ఆసుపత్రిలో చేర్చారట. కువైట్ యజమాని అవునన్నాడు. తన పరంజా మీంచి పడ్డాడని ఒప్పుకుంటే యజమాని మెడకి చుట్టుకుంటుంది మరి. రుజువు? ఇమాం జామిన్. అది ఇంకా చేతికే ఉంది. వాళ్ళ ఆచారం ప్రకారం క్షేమంగా చేరితే విప్పేవాడు. విప్పలేదు కాబట్టి క్షేమంగా చేరలేదు.

ఏజెంటు తెలివికి పిచ్చేశ్వరరావు మనసులోనే నమస్కారం పెట్టాడు. రెండు చేతులూ కాదు. ఒక్క చెయ్యే. అదీ చెంప మీదికి లేచేది.

* * *

పన్నెండున్నర. కోనేరు సెంటర్లో మేడమీద ఆఫీసు.

ఏజెంటు జగన్మోహనరావు తెల్లటి సఫారీలో ఉన్నాడు. గోడ మీద వెండి షీల్డు ఉంది. దాని మీద ఇంగ్లీషులో 'ఒక్క క్లెయిమూ లేని ఏజెంటు' అని చెక్కారు.

"రండి బావగారూ! లడ్డూ తీసుకోండి. బందరొచ్చి లడ్డూ తినకపోతే ఎట్లా?"

"షుగరండీ."

"అయ్యో. మన పాలసీలో షుగరు కవరవ్వదు" అని పకపకా నవ్వాడు.

"షీల్డు బాగుందే."

"వరసగా రెండేళ్ళు. ఈ ఏడాది కూడా క్లీన్‌గా ఉంటే సింగపూర్ ట్రిప్పు. భార్యాసమేతంగా!"

"ఎంతమందిని పంపారు గల్ఫ్‌కి?"

"మూడొందల దాకా. ఇనగుదురుపేటలో ఇల్లిల్లూ నా పాలసీయే."

"మూడొందల మందిలో ఒక్కడికీ జబ్బు చెయ్యలేదా?"

"చేస్తుంది. కవరవ్వదు."

"పన్ను నొప్పి?"

"పన్ను ఇండియాలో మొలిచింది కదండీ. పాత జబ్బు."

"వడదెబ్బ?"

"వాతావరణం. దైవికం."

"గుండెపోటు?"

"గుండె ఇక్కణ్ణించి తీసుకెళ్ళిందే కదా!"

"మరి ఏది కవరవుద్ది సార్?"

జగన్మోహనరావు లడ్డూ తుంచాడు. "అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే తగ్గిపోయే జబ్బు."

ప్రీమియం అన్న మాటలో ఏముందో పిచ్చేశ్వరరావుకి ఆ క్షణంలో బోధపడింది. కట్టేటప్పుడు ప్రేమ. అడిగేటప్పుడు యముడు.

"మజీద్‌ని బొంబాయి నుంచి తెచ్చిందెవరు?"

"మనవాడే. ఒరేయ్ ఖుద్దూస్!"

ఖుద్దూస్ లోపల్నుంచి వచ్చాడు. పాతికేళ్ళవాడు. ఆఫీసు గుమాస్తా. కళ్ళు నేలమీదే ఉన్నాయి.

"రేవులో దింపినప్పుడు ఆ గుడ్డ చేతికుందా?"

"ఉందండీ."

"బిగువుగానా, వదులుగానా?"

"ఇప్పుడున్నట్టేనండీ."

"జారిపోతుంటే నువ్వేమన్నా బిగించి కట్టావా?"

"తౌబా! ముట్టుకోలేదండీ. ఇమాం జామిన్ వేరేవాళ్ళు ముట్టుకోకూడదు."

"సీలెప్పుడేశారు?"

జవాబు జగన్మోహనరావు చెప్పాడు. గర్వంగా. "ట్రెయిన్ దిగగానే మొదట ఇక్కడికే తీసుకొచ్చాం. ఆ బల్ల మీద పడుకోబెట్టి నా చేత్తో నేనే వేశాను. ఆ ముద్ర నా ఉంగరం. బందరులో ఇంకొకటి లేదు. ఎవడూ మార్చడానికి వీల్లేదు!"

"లక్క వేడిగా ఉంటుందిగా. మనిషి కదల్లేదా?"

"మూలిగాడనుకుంటా."

పిచ్చేశ్వరరావు బల్ల వంక చూశాడు. ఆ బల్ల మీదే లడ్డూల పళ్ళెం ఉంది.

"చాలా మంచి పని చేశారు సార్. ఆ సీలు మీదే ఈ కేసంతా ఆధారపడి ఉంది. రేపు నాలుగింటికి ఆసుపత్రికి రండి. మద్రాసు నుంచి మీ క్లెయిమ్స్ ఆఫీసర్ని కూడా పిలిపిస్తాను. అందరి ముందూ సంతకం పెట్టేస్తా."

* * *

మర్నాడు సాయంత్రం నాలుగు. ఆసుపత్రి వరండా.

మంచం ఒక పక్క జైనాబ్, డాక్టర్ అన్నపూర్ణ. ఇంకోపక్క జగన్మోహనరావు, ఖుద్దూస్. కాళ్ళ దగ్గర క్లెయిమ్స్ ఆఫీసర్ కాంతారావు. ఆగస్టు ఉక్కలో టై కట్టుకుని ఉన్నాడు. స్తంభం పక్కన మఫ్టీలో టౌన్ ఎస్సై నరసింహారావు.

"పొద్దుటినుంచి మూడుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఇవాళ బయల్దేరకపోతే నేను బాధ్యత తీసుకోలేను" అంది అన్నపూర్ణ.

కాంతారావు వాచీ చూసుకున్నాడు. "వెరీ సారీ. కానీ మన డ్యూటీ ఫ్యాక్ట్స్ వరకే. మిస్టర్ పిచ్చేశ్వరరావ్, కానివ్వండి."

"కానిస్తానండీ. ఖుద్దూస్! నిన్న చెప్పింది మళ్ళీ చెప్పు. బొంబాయిలో గుడ్డ ఎలా ఉంది?"

"ఇప్పుడున్నట్టే."

"ఎవరూ ముట్టుకోలేదు?"

"లేదండీ."

"కాంతారావుగారూ, ఆ గుడ్డ కింద మీ వేలు పెట్టి చూడండి."

కాంతారావు ముక్కు చిట్లించి పెట్టాడు. "దూరట్లేదు."

"ఇంజను మోసే చేతికి ఓడెక్కేముందు కట్టిన గుడ్డ. ఆ తర్వాత ఆర్నెల్లు మంచం మీద చెయ్యి సగమైంది. గుడ్డ ఏమవ్వాలి? గాజులా జారి మణికట్టు దగ్గరికి రావాలి. ఇది జబ్బకి అతుక్కునుంది. చెయ్యి ఎండింది సరే, గుడ్డ కూడా ఎండిందా? డాక్టరుగారూ, గుడ్డ కింద చర్మం?"

"అంచు జరిపి చూశాను. పెద్దగా మచ్చ లేదు. నెలల తరబడి ఉంటే నొక్కుకుపోయి తెల్లగా ఉండాలి" అంది అన్నపూర్ణ.

"అంటే ఇది ఎండిన చేతికి కట్టిన గుడ్డ. బొంబాయికీ బందరుకీ మధ్య కట్టింది."

జగన్మోహనరావు మొహంలో లడ్డూరంగు పోయింది. కాంతారావు మాత్రం కదల్లేదు.

"ఇది ఒపీనియన్. ప్రూఫ్ కాదు. వేలు దూరలేదని క్లెయిం ఇవ్వలేం."

పిచ్చేశ్వరరావు గొంతు లేచింది. వరండా చివర పేషెంట్లు కూడా తలలు తిప్పారు.

"అవునండీ! గుడ్డ కట్టి ఉందని క్లెయిం ఎగ్గొట్టడానికి మాత్రం ప్రూఫయింది! అదే గుడ్డ మీ తరఫున మాట్లాడితే సాక్ష్యం, వీడి తరఫున మాట్లాడితే ఒపీనియన్! సరే. విప్పుదాం. అందులో ఏముందో చూద్దాం."

"విప్పకూడదు! సీలుంది!" జగన్మోహనరావు అరిచాడు.

"సీలు అందరూ చూడండి. పగల్లేదు కదా? ఎస్సైగారూ, చూశారా? ఇంక విప్పొచ్చు."

జైనాబ్ అడ్డం వచ్చింది. మజీద్ చేతి మీద తన చెయ్యి వేసింది.

"వద్దండీ. ఆయన లేచి ఆయనే విప్పుకోవాలి. మధ్యలో విప్పితే..."

మూట లోపల ఏ నాణెం ఉందో పిచ్చేశ్వరరావుకీ తెలియదు. పాతదైతే ఇక్కడితో సరి. ఈవిడ నమ్మకమూ పోతుంది, మొగుడూ పోతాడు. కానీ ఇంకో దారి లేదు.

"చెల్లెమ్మా. నువ్వు కట్టిందైతే విప్పకు. నేనూ ముట్టుకోను. ఇది నీదేనా?"

"కాదని మొదటిరోజే చెప్పాను. విన్నదెవరు?"

"ఇప్పుడు వింటున్నాం. నీది కాకపోతే, ఇది ఇమాం పూచీ కాదు. ఎవడి పూచీయో నీ మొగుడి చేతికి కట్టారు. ఉంచుతావా?"

జైనాబ్ ఒక్క క్షణం మజీద్ మొహంలోకి చూసింది. తర్వాత వంగి ఆ లక్కని పళ్ళతో పట్టి కొరికింది. సీలు ఫట్‌మని విరిగింది. ఎర్ర ముక్కలు దుప్పటి మీద రాలాయి. ముడి విప్పింది.

రూపాయి బిళ్ళ. మెరుస్తోంది.

ఆమె దాన్ని పిచ్చేశ్వరరావుకి ఇవ్వబోయింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నాకొద్దు. ఆ టై కట్టుకున్నాయనకివ్వు. కాంతారావుగారూ, మీకు ఫ్యాక్ట్స్ కావాలన్నారుగా. అంకె కింద ఏం రాసుందో పైకి చదవండి."

కాంతారావు కళ్ళజోడు సర్దుకున్నాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

"నైన్టీన్... సెవెంటీ నైన్."



"మజీద్ ఓడెక్కింది ఎప్పుడండీ?"

"నవంబర్... సెవెంటీ ఎయిట్."

"నిరుడు ఓడెక్కినవాడి చేతికి, ఈ ఏడాది ముద్ర కొట్టిన రూపాయి! టంకసాలవాళ్ళు ముందుగానే ఓడలోకి తెచ్చిచ్చారా?"

"మార్చేశారు! ఈవిడే మార్చేసింది!" అన్నాడు జగన్మోహనరావు.

"ఎలా మారుస్తుందయ్యా? సీలు నీది. ఉంగరం నీది. బందరులో ఇంకొకటి లేదని నిన్న నువ్వే చెప్పావు. ఎవడూ మార్చడానికి వీల్లేదని కూడా నువ్వే చెప్పావు. ఆ రూపాయికి నువ్వే వాచ్‌మేన్‌వి!"

ఖుద్దూస్ జగన్మోహనరావు పక్కనుంచి రెండడుగులు వెనక్కి జరిగాడు.

"ట్రెయిన్లో కట్టానండీ... ఏజెంటుగారే కట్టమన్నారు. జేబులో ఉన్న రూపాయి పెట్టి కట్టేశాను. ఇమాం జామిన్ ఎవరూ విప్పి చూడరు కదా అనుకున్నాను. మజీద్ భాయ్ కువైట్ రేవులో దిగినరోజే తనది విప్పి దానం చేశాట్టండీ. కూడా వచ్చినోళ్ళు చెప్పారు. నాలుగోరోజు పరంజా మీంచి పడ్డాడు."

జైనాబ్ అతని వంక చూసింది. తిట్టలేదు. "నీకు కట్టింది కూడా మీ అమ్మే కదా ఖుద్దూస్, మొదటిసారి బొంబాయి వెళ్ళినప్పుడు" అంది. వాడు ఏడ్చాడు.

ఎస్సై స్తంభం వదిలి ముందుకొచ్చాడు.

కాంతారావు గొంతు సవరించుకున్నాడు. "చాలా దురదృష్టకరం. ఏజెంట్ ఫ్రాడ్. హెడ్డాఫీసుకి రాస్తాను. అయితే ఆపరేషన్ ఇప్పుడు ఇండియాలో కాబట్టి, విదేశపు చికిత్స కిందికి వస్తుందో రాదో పరిశీలించి..."

పిచ్చేశ్వరరావు ఆయన టై పట్టుకున్నాడు. లాగలేదు. పట్టుకున్నాడంతే.

"అక్కడుంటే అక్కడ చెయ్యనివ్వలేదు. ఇక్కడికొస్తే ఇక్కడిది కాదంటున్నావు. ఏ దేశంలో తల పగిలితే కడతావయ్యా నువ్వు? మనిషి ఓడలో పడ్డాడా, నేల మీద పడ్డాడా అని కాదు అడగాల్సింది. పడ్డాడా లేదా అని! ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి మళ్ళీ అదే గుమ్మం తన కాళ్ళ మీద తొక్కేదాకా కాస్తేనే బీమా. మధ్యలో గీతలు గీస్తే అది తొక్కుడుబిళ్ళాట! ఈవిడ అమ్మ ఓణీ గుడ్డ చూడు. ఒక్క రూపాయి. ఒక్క క్లాజు లేదు. మీ కంపెనీకి పాలసీ రాయడం రాకపోతే ఇనగుదురుపేట వచ్చి ముసలమ్మల్ని అడిగి నేర్చుకోండి!"

"నా చేతిలో ఏం లేదు..."

"పెన్నుంది. మద్రాసు ఆసుపత్రికి హామీ రాయి. సూపరింటెండెంట్ గదిలో టెలిఫోనుంది. లైట్నింగ్ కాల్ బుక్ చెయ్యి, వెంటనే కలుపుతారు. లేకపోతే నా రిపోర్టు కంపెనీకి కాదు, ఎస్సైగారికిస్తా. ఆర్నెల్లు హామీ ఇవ్వకుండా కూర్చున్నది ఏజెంటు కాదు. నువ్వు."

ఎస్సై మంచం అంచున కూర్చున్నాడు. వెళ్ళే తొందరేమీ లేనట్టు.

కాంతారావు రాశాడు. రాస్తున్నంతసేపూ టై పిచ్చేశ్వరరావు చేతిలోనే ఉంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసే టెలిఫోను దగ్గరికి వెళ్ళారు.

తిరిగొచ్చాక పిచ్చేశ్వరరావు ఫైలు తీశాడు. అట్ట మీది 'క్లోజ్' ముందు అదే ఎర్ర సిరాతో 'డిస్' అని చేర్చి, కింద సంతకం పెట్టాడు.

ఎస్సై జగన్మోహనరావు భుజమ్మీద చెయ్యేశాడు.

"బావగారూ!" జగన్మోహనరావు గొంతు పీలగా వచ్చింది. "జామీను ఎవరైనా..."

"ఇమాం జామిన్‌నే దొంగది చేశావు. నీకు కోర్టు జామీను ఎవడిస్తాడయ్యా?"

* * *

ఆరున్నర. ఆసుపత్రి గేటు దగ్గర వ్యాను ఇంజను ఆన్‌లో ఉంది. బెజవాడలో రాత్రి మద్రాసు మెయిలు. మజీద్‌ని వెనక సీటు మీద పడుకోబెట్టారు. డాక్టర్ అన్నపూర్ణ నర్సుకి మందులు చెబుతోంది.

జైనాబ్ వ్యాను దిగి పిచ్చేశ్వరరావు దగ్గరికొచ్చింది. చేతిలో పాత ఓణీ పీలిక ఉంది.

"అన్నయ్యగారూ. ఒక రూపాయుంటే ఇవ్వండి. ఆ దొంగ రూపాయి ఎస్సైగారు సాక్ష్యమని తీసుకెళ్ళారు."

పిచ్చేశ్వరరావు జేబులో చెయ్యి పెట్టాడు. గుప్పెడు చిల్లర తీశాడు. వీధిలైటు కిందికి నడిచి, ఒక్కొక్క రూపాయీ తిప్పి సంవత్సరం చూసి మరీ ఒకటి ఏరాడు.

ఆమె దాన్ని పీలికలో మూట కట్టింది. వ్యానెక్కి మజీద్ కుడి జబ్బకి చుట్టింది. సన్నటి చెయ్యి. గట్టిగా బిగించబోయి, ఆగింది. రెండువేళ్ళు దూరేంత వదులుగా కట్టింది.

"జారిపోద్దేమోనమ్మా" అన్నాడు పిచ్చేశ్వరరావు.

"జారదండీ. చెయ్యి పెరుగుద్ది." ఆమె తలుపు లాక్కుంది. "ఈసారి ఆయనే విప్పుకుంటాడు."